కోరి తెచ్చుకొన్న శ్రమ

శ్రమ రెండు తెఱగులు. విధి నెత్తిన పెట్టిన శ్రమ యొకటి. మనుష్యుడు తాను కోరి తెచ్చుకొన్న శ్రమ మఱియొకటి. తెల్లవాఱుజామున నాంపల్లి స్టేషను దరిని ఈ రెండును ఒక్క వీధిలోనే కనబడును. రైలు దిగినవారి పెట్టెలు తలకెత్తుకొని పరుగిడు హమాలీ యొకడు. రాత్రి పేరుకొన్న కసవు నూడ్చు స్త్రీ యొకతె. పత్రికల కట్టలు విప్పి పంచుకొను కుఱ్ఱవాండ్రు కొందఱు. వీరి నడుమ సన్నని చక్రముల సైకిలుపై వంగి, వెనుక ఎఱ్ఱదీపము మిణుకుమిణుకుమన, ఒక యుద్యోగి ఆబిడ్సు మీదుగా సాగిపోవును. అందఱి మేనను చెమటయే. మొదటివారి చెమటకు కూలి గలదు. కడపటివాని చెమటకు కూలి లేకపోగా, పందెమున చెమటోడ్చుటకు అతడే రుసుము చెల్లించును. ఇది గుణమా, వినోదమా, వట్టి బడాయియా? తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న గాదు. మన యిండ్లలోని యువకులును, నడివయస్సువారును, యువతులును నేడీ మార్గము పట్టుచున్నారు గనుక, దీని మంచిచెడ్డలు విచారింపవలసిన భారము గృహస్థులపై గలదు.

ముందుగా వస్తుస్వరూపము తెలిసికొందము. ఈత, సైకిలు, పరుగు అను మూడింటిని నడుమ విరామము లేక ఒకదానివెంట నొకటిగా ముగించు పందెమునకు ట్రయాథ్లాన్ అని పేరు. అమెరికాలోని శాండియాగో నగరమున 1974 సెప్టెంబరు 25వ తేదీన ఈ పేరుతో మొదటి పందెము జరిగినది. తరువాత హవాయి దీవులలో, దేహదార్ఢ్యమున ఈతగాండ్రు మిన్నయా, పరుగువారు మిన్నయా, సైకిలువారు మిన్నయా యని పుట్టిన వాదమును తీర్చుటకై జాన్ కాలిన్స్ అను నౌకాదళోద్యోగి అక్కడి మూడు వేర్వేఱు పందెముల దూరములను ఒక్కటిగా గుదిగ్రుచ్చెను. 3.8 కిలోమీటర్ల సముద్రపుటీత, 180 కిలోమీటర్ల సైకిలు, ఆ మీదట 42 కిలోమీటర్ల పరుగు. 1978 ఫిబ్రవరి 18వ తేదీన 15 మంది బయలుదేఱగా 12 మంది ముగించిరి. గార్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషములలో మొదటివాడయ్యెను. ‘ఐరన్‌మాన్’ అను పేరు నాటినుండి నిలిచినది. 1.5, 40, 10 కిలోమీటర్ల పొట్టి పందెము 2000లో సిడ్నీ ఒలింపిక్సున ప్రవేశించినది. దీర్ఘపందెమున సగము దూరములు గలదానిని, మైళ్ల మొత్తమునుబట్టి ‘70.3’ అందురు. అది 2019 అక్టోబరులో గోవాలోని మీరామార్ తీరమున జరిగెను. హైదరాబాదు ఔత్సాహికునకు సముద్రము చేరువలో లేదు గనుక ఆ తీరమువంటిదే అతని సంవత్సరమునకు గమ్యము.

ఆ సంవత్సరము మన నగరమున నెట్లు గడచునో చూడుడు. జనవరి, ఫిబ్రవరి నెలలు చల్లనివి. దీర్ఘమైన మెల్లని పరుగునకు అనువైనవి. కాని ఆ దినములలోనే నాంపల్లి మైదానమున నుమాయిష్ జరుగును. సాయంకాలములందు త్రోవ దొరకదు. కావున అతని దినము తెల్లవాఱకమునుపే మొదలు కావలెను. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. ఎనిమిది గంటలకే రోడ్డు పెనమగును. అప్పుడు ఈతకొలనే శరణ్యము. హుసేన్‌సాగరమును చూచుచు పెరిగినవాడైనను అందు దిగుటకు వీలులేదు. ఆ నీరు అట్టిది. కావున 1.9 కిలోమీటర్ల సముద్రపుటీతకు అతడు 50 మీటర్ల కొలనులో 38 మాఱులు, 25 మీటర్ల కొలనైనచో 76 మాఱులు గోడ ముట్టి లెక్కపెట్టుకొనవలెను. వానకాలమున పబ్లిక్ గార్డెన్సు చెట్లక్రింద పరుగు. సెలవునాడు పట్టణపు పడమటి యంచున, బాహ్యవలయ రహదారి ప్రక్కను 2023లో తెఱచిన, సౌరఫలకముల కప్పుగల 23 కిలోమీటర్ల సైకిలు బాట. ఆగస్టులో నగరపు మారథాను. దానితో పరుగు బలము తెలియును. పిమ్మట సైకిలు దిగినవెంటనే పరుగిడు అభ్యాసము. అప్పుడు కాళ్లు తమవి కానట్లు తోచును, తొడలు రాళ్లగును, పది నిమిషములు కడచినగాని నడక స్వాధీనము కాదు. కడపట, పందెమునకు రెండు మూడు వారములు ముందు శ్రమను తగ్గించి దేహమునకు విశ్రాంతి నీయవలెను. చాలమందికి ఇదియే మిక్కిలి కష్టము. పని చేయుట కలవాటుపడినవానికి ఊరకుండుటయు నొక విద్యయే గదా!

ఇంతవఱకు వర్ణనము. ఇక విచారణ.

మొదటి ఆక్షేపము: ఇది కలవారి యాట. సైకిలు వెల, పందెపు రుసుము, ప్రయాణపు ఖర్చు కలిపిన నొక బీద కుటుంబమునకు కొన్ని మాసముల గ్రాసమగును. పైగా హమాలీ దినమెల్ల మోయు బరువు నెవ్వరును పతకముతో సత్కరింపరు. ఈ మాటలో సత్యమున్నది. ఆటల చరిత్రము చూచినను ఇదే తేలును. డబ్బుకై గాక ప్రీతికై ఆడువానిని ఇంగ్లీషున అమెచ్యూర్ అందురు. ప్రేమించువాడని దాని మూలార్థము. ఇంత మంచి మాటను పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండులో పడవపందెముల పెద్దలు గోడగా నిలిపిరి. చేతిపని చేసి బ్రతుకువాడు, కూలివాడు, అమెచ్యూరు కాజాలడని నిబంధనలు వ్రాసికొనిరి. 1912లో స్టాక్‌హోము ఒలింపిక్సున రెండు పందెములలో ప్రథముడైన జిమ్ థార్ప్ అను అమెరికా ఆదివాసి, అంతకుముందు బేస్‌బాల్ ఆడి స్వల్పమైన వేతనము పుచ్చుకొనెనన్న కారణముచేత 1913లో పతకములు కోల్పోయెను. అతడు 1953లో మరణించెను. పతకములు తిరిగి యిచ్చుటకు 1982లో నిర్ణయించిరి. అతడొక్కడే విజేత యని 2022లో గాని యొప్పుకొనలేదు. ప్రీతి యను పేరుతో కులీనత్వము కావలి కాచిన కథ యిది. కులమను గోడ నెఱిగిన మనకు దీనిని వేఱుగా వివరింప నక్కఱలేదు.

అయినను ఆక్షేపము సత్యమైనంతమాత్రమున శ్రమయే నింద్యము కాదు. హమాలీ శ్రమకును ఔత్సాహికుని శ్రమకును గల భేదము బరువులో లేదు. ఆగిపోవు స్వేచ్ఛలో నున్నది. ఔత్సాహికుడు ఏ క్షణముననైనను సైకిలు దిగి నీడను కూర్చుండవచ్చును. అతని పిల్లలు పస్తుండరు. హమాలీ కాస్వేచ్ఛ లేదు. కావున కష్టము పడుటవలననే తానొక ఘనుడ నని ఔత్సాహికుడు తలంచెనేని అది అవివేకము. అంతకు మించిన కష్టము పడువారు ఆ వీధిలోనే యున్నారు. అతని శ్రమకు విలువ యున్నచో, ఆగిపోవ వీలుండియు ఆగకుండుట యతనికేమి నేర్పినదో దానియందే యున్నది. ఒడలు అలసిన నాటి యనుభవము పరుల యలసటను గుర్తించు కన్ను నీయవలెను. 21 కిలోమీటర్లు పరుగెత్తి వచ్చి, స్టేషనులో పది రూపాయల కొఱకు హమాలీతో పోరాడువాడు కాళ్లకు మాత్రమే శిక్షణ మిచ్చుకొన్నవాడు.

రెండవ ఆక్షేపము: ఇది కీర్తికాంక్ష. పరుగు ముగియకమునుపే చేతి గడియారము లెక్క కట్టును, లెక్క పదుగురి కంటబడును, పొగడ్తలు వచ్చును. తపస్సు మూడు విధములని భగవద్గీత పదునేడవ యధ్యాయము చెప్పుచున్నది. ఫలాపేక్ష లేక శ్రద్ధతో జేయునది సాత్త్వికము. సత్కారమును మానమును కోరి ఆడంబరముతో జేయునది రాజసము. మూఢమైన పట్టుదలతో తన్ను హింసించుకొనుచు, లేక పరులకు కీడు తలపెట్టి చేయునది తామసము. ఈ కొలకఱ్ఱ ఇంత కాలమునకు తరువాత ఈ పందెమున కింత సరిగా నమరుట వింతయే. గాయమైన మోకాలితో వైద్యుని మాట త్రోసి పరుగెత్తువాడు తామసుడు. పతకముతో తీసిన చిత్రము కొఱకే పరుగెత్తువాడు రాజసుడు. సాత్త్వికుని గుర్తించుట యెట్లు?

అందుకీ పందెపు నిబంధనయే యొక యుపాయము చూపుచున్నది. దీర్ఘపందెములలో ఔత్సాహికుడు ముందఱి సైకిలు వెనుక నంటి పోరాదు. ముందువాడు గాలిని చీల్చుచుండగా వెనుకవానికి శ్రమ చాల తగ్గును. అందుచే నడుమ పది పండ్రెండు మీటర్ల యెడ ముండవలెనని నియమము. 90 కిలోమీటర్ల త్రోవపొడవున పర్యవేక్షకులు నిలువజాలరు. ఎవ్వరును చూడని మలుపున, అలసిన వేళ, ముందువాని నీడ చల్లగా పిలుచును. అచ్చట ఎడము పాటించినవాని శ్రమ సాత్త్వికము. ఆ పుణ్యమునకు సాక్షి లేడు. గడియారము దానిని నమోదు చేయదు. పైగా కొన్ని నిమిషములు నష్టమే. పదుగురి ముందఱ నీతిగా నుండుట మర్యాద. ఒంటరిగా నుండునపుడు నీతిగా నుండుటయే శీలము. ఇంట పిల్లలకు మన మెంత బోధించినను నిలువని యీ పాఠము నొక మలుపు బోధింపగలదు.

మిత మనునది ఇందలి మఱియొక పాఠము. మన కండరములలోను కాలేయములోను నిలువ యుండు పిండిపదార్థము తీవ్రమైన శ్రమకు రెండు గంటలకు మించి చాలదు. త్రోవలో కొంచెము కొంచెముగా తినుచుండవలెను. నీరు చాలనిచో దేహము కాగును; అట్లని ఉప్పు లేక నీటినే అతిగా త్రాగినచో రక్తములోని లవణము పలుచబడి ప్రాణమునకే ముప్పు రావచ్చును. తినకుండుటయు దోషమే, అతిగా తినుటయు దోషమే, నిద్ర మానుటయు దోషమే యను యుక్తాహారవిహార ధర్మము ఇచ్చట ఉపన్యాసము గాదు, ప్రత్యక్షము. ఉపవాసములతో ఒడలు కృశింపజేసికొనుటయే పుణ్యమని తలంచు మన పూర్వపు మూఢత్వమునకు దీనికంటె మంచి ఖండనము దొరకదు. మడోనా బ్యూడర్ అను క్రైస్తవ సన్న్యాసిని 2012లో కెనడాలో, 82 ఏండ్ల వయస్సున, పూర్తి దూరపు పందెమును ముగించినది. దేహమును శత్రువుగా జూచు వైరాగ్యము ఆమెను అంతదూరము నడపి యుండదు.

మూడవ ఆక్షేపమే నిజమైన చిక్కు. ఇది వీధిలో పుట్టినది గాదు, ఇంటిలో పుట్టినది.

లెక్క వేయుదము. పందెమునకు ముందు 24 వారములు, వారమునకు 10 గంటల చొప్పున అభ్యాసము చేసినచో మొత్తము 240 గంటలు. ఎనిమిది గంటల పనిదినములుగా ముప్పది దినములు. ఈ ముప్పది దినములు ఎవరి ఖాతానుండి వచ్చినవి? అతడు వట్టి ముచ్చట్లు, కాలక్షేపములు మానుకొని సంపాదించిన గంటలైనచో వానిని అతడు తన యిష్టమువచ్చినట్లు వెచ్చించుకొనవచ్చును. కాని తఱచుగా జరుగునది వేఱు. అతడు రాత్రి తొమ్మిదింటికే పరుండవలెను గనుక పిల్లల చదువు ఆమె చూచును. అతడు నాలుగింటికి లేచును గనుక రాగిజావ కాచుటకు ఆమె మూడున్నరకు లేచును. ఆదివారమున బంధువులు వచ్చిన, అతడు రోడ్డుపై నున్నాడని ఆమె సమాధానము చెప్పును. అతడు తడిసిన బట్టలు విడిచి కార్యాలయమునకు పోవును. ఆ బట్టలు తమంతట తాము ఉతుకుకొనవు. పందెపు పట్టికలో మాత్రము ఒక్క పేరే యుండును.

నాలుగింటికి లేచు పురుషుని క్రమశిక్షణమును లోకము మెచ్చును. ముప్పది యేండ్లుగా నాలుగింటికే లేచుచున్న అతని తల్లిని ఎవ్వరైన మెచ్చిరా? అది క్రమశిక్షణ మని పేరు పెట్టుటకైన మనకు తోచలేదు; ఇంటిపని యంటిమి. ఒకరి స్వేచ్ఛ మఱియొకరి నిర్బంధముపై నిలిచినపుడు ఆ స్వేచ్ఛ కోరి తెచ్చుకొన్న శ్రమ కాదు, పరులచేత కోరకయే చేయించిన శ్రమ. అట్టి పతకము భార్య తపస్సునకు భర్త పుచ్చుకొన్న ఫలము. గీత చెప్పిన తామసములో పరులకు కీడు తలపెట్టుట యొక లక్షణము. తలపెట్టకయే కీడు చేయుటయు దానికి దూరము గాదు.

దీనికి పరిహారము అభ్యాసము మానుట యని నేననను. పంచుకొనుట యందును. అతని జావ అతడే కాచుకొనవలెను. అతని బట్టలు అతడే ఉతుకుకొనవలెను. అతడు వెచ్చించిన ప్రతి గంటకును ఆమెకొక గంట తనదిగా నుండవలెను. ఆ గంటను ఆమె చదువుకొనునో, నిద్రించునో, కొలనులో దిగునో, అది ఆమె యిష్టము. దిగునా యని నవ్వువారికి సమాధానములు గలవు. హవాయి పందెము రెండవ యేడు, అనగా 1979లో, లిన్ లెమైర్ అను స్త్రీ పురుషులతోపాటు బయలుదేఱి అందఱిలో నైదవదిగా ముగించినది. అంతదూర మేల? మన హైదరాబాదు వాసియగు గోలి శ్యామల నలువది యేండ్లు దాటిన పిమ్మట ఈత నేర్చుకొని, 2021 మార్చిలో, 47వ యేట, శ్రీలంకకును రామేశ్వరమునకును నడుమగల పాక్ జలసంధిని సుమారు 30 కిలోమీటర్లు ఈది దాటినది. నీరన్న భయమును పోగొట్టుకొనుటకే ఆమె తొలుత కొలనులో దిగినదట. నలువదవ యేట స్త్రీ జీవితము ముగిసినట్లే యని తలంచు మన సంసారములకు ఈ యొక్క యుదాహరణము చాలును.

ఇక నీటిని గూర్చి యొక మాట చెప్పక తప్పదు. మన దేశమున నీరు ఎన్నడును వట్టి నీరు గాదు. 1927 మార్చి 20వ తేదీన మహాడ్‌లో చవదారు చెఱువు నీటిని దోసిలితో త్రాగుటకే డాక్టర్ అంబేద్కరు వేలమందిని వెంటబెట్టుకొని నడువవలసి వచ్చినది. చెఱువు నీరు త్రాగుట కొఱకే పోరాడవలసిన జనులకు అందు ఈదు హక్కు ఎక్కడిది? నేటి ఈతకొలనులో కులమడుగువాడు లేడు. కాని రుసుము అడుగువాడు గలడు; స్త్రీల వేళలు కొద్ది; బీదల పిల్లలు కుంటలలోను, రాతిగనుల గుంతలలోను నీరు నిండిన దినములలో ఈత నేర్వబోయి ప్రాణములు కోల్పోవుట మనము పత్రికలలో చూచుచునే యున్నాము. 1908 సెప్టెంబరులో మూసీ వరదకు వేలమంది బలియైన నగరమిది. ఆ విపత్తు తరువాతనే ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరము కట్టించి నదిని అదుపున బెట్టిరి. నీటికి ఆనకట్ట కట్టితిమి. బిడ్డలకు ఈత మాత్రము నేర్పలేదు. ఔత్సాహికుడు 38 మాఱులు గోడ ముట్టి సంపాదించిన విద్యను వారమున కొక గంట తన పేటలోని పిల్లలకు పంచెనేని అతని శ్రమపై వచ్చిన మొదటి యాక్షేపము అక్కడనే తీఱును.

ఇది అతియాశ కాదని నాంపల్లియే చెప్పుచున్నది. 1938లో ఉస్మానియా పట్టభద్రులు కొందఱు, ఆర్థిక పరిశీలనమునకు ధనము కూర్చుటకై పబ్లిక్ గార్డెన్సులో చిన్న ప్రదర్శనము పెట్టిరి. 1946లో అది యిప్పటి మైదానమునకు మాఱినది. జనులు చుడువా తినుటకును, బొమ్మల చక్రమెక్కుటకును వచ్చిన ఆ వేడుక రాబడితో విద్యాలయములు నడచుచున్నవి. ఆడుబిడ్డల కళాశాలయు వానిలో నొకటి. వేడుక వేడుకగానే యుండి పరులకు నీడ యగుట సాధ్యమే. కావలసినది వేడుకను చంపుట గాదు, దాని రాబడి యెవరికి చేరుచున్నదో చూచుట.

కావున ఈ శ్రమను తూచుటకు మూడు ప్రశ్నలు చాలును. ఎవ్వరును చూడనప్పుడు నీవు నియమము పాటించితివా? నీ గంటలు నీ ఖాతానుండియే వచ్చినవా? నీవు నేర్చినది నీకన్న బలహీనుని కేమైన పనికివచ్చినదా? ఈ మూడింటికిని అవునని చెప్పగలవానికి పందెములో కడపటి స్థానము వచ్చినను లోపము లేదు. దీర్ఘపందెమునకు విధించిన గడువు 17 గంటలు. ఆ గడువు తీఱబోవు వేళ, అర్ధరాత్రి దగ్గఱ, దీపముల క్రింద కాలీడ్చుచు వచ్చు చివరివానిని చూచుటకు జనులు మేలుకొని యుందురు. మొదటివాడు ఇతరులను గెలిచినవాడు. చివరివాడు మానివేయుట కెన్నియో న్యాయమైన కారణములుండియు మాననివాడు. ధనముతో కొనరానిది, తండ్రినుండి సంక్రమింపనిది, సిఫారసుతో దొరకనిది లోకమున నింకను ఒకటి యున్నదని మన బిడ్డలు తెలిసికొనుట మేలు. దాని వెలను ఇంటిలోని వేఱొకరిచేత కట్టింపకుండుట అంతకన్న మేలు.